రెండో సీడీ మామ

సినిమా చూసేవాళ్ళు ఇంటినిండా ఉంటారు. సినిమా పెట్టేవాడు మాత్రం చుట్టాలందరిలో ఒక్కడే ఉంటాడు. పెళ్ళి విడిదిలో టీవీ వెనక్కి దూరి వైర్లు తగిలించేది అతనే. "సౌండు సరిపోయిందా?" అని అందర్నీ అడిగి, చివరికి తనకు తోచినంతే పెట్టేదీ అతనే. అందరూ కూర్చున్నాక తను కూర్చోడు. గోడకు ఆనుకుని నిలబడి, తెరను గాక మన మొహాలను చూస్తుంటాడు. మనం నవ్వామా, ఆ జోకు తనే రాసినట్టు తలూపుతాడు. నవ్వలేదా, వెనక్కి తిప్పి మళ్ళీ పెడతాడు. మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. మా ఇంట్లో ఆ పదవి మా చిన్న మేనమామది.

మామది వేములపల్లి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉంటుంది. ఊరి చుట్టూ వరి, పక్కనే ఆ వరిని మరపట్టే మిర్యాలగూడ. అక్కడ ఒక రైసుమిల్లులో మామ గుమాస్తా. పొద్దున బస్సెక్కి పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. బస్తాల లెక్క రాసీ రాసీ చేతికి ఎంత అలవాటైందంటే, పక్కింటికి అరువిచ్చిన చక్కెర కూడా తారీఖుతో సహా పద్దులోకెక్కేది. అత్తమ్మ సిగ్గుపడి చచ్చేది.

మామకు మీసాలు నల్లగా ఉన్న రోజుల్లో కలర్ టీవీ, వీసీపీ అద్దెకు తెచ్చి రాత్రికి మూడు సినిమాలు వేయించేవాడట. మూడో సినిమా సగానికొచ్చేసరికి ఊరంతా చాపల మీదే నిద్ర. మెలకువగా మిగిలేది మామా, వీసీపీతో పాటు వచ్చిన కుర్రాడూ. ఆ కుర్రాడికైతే కూలి ముట్టేది. మామకేం ముట్టేదో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

అసలు వైభవం సీడీలతో వచ్చింది. మిర్యాలగూడలో ఒక సీడీల షాపులో మామ డిపాజిట్ కట్టి మెంబరయ్యాడు. మెంబరు ఒక్కడే గానీ, చూసేవి పది ఇళ్ళు. అద్దె అందరూ తలా ఇంత వేసుకునేవాళ్ళు. ఏ సీడీ ఎవరింటికి పోయింది, ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, ఏ పాట దగ్గర గీత పడింది అన్నీ మిల్లు నుంచి తెచ్చిన పొడుగాటి లెక్కల పుస్తకంలో ఉండేవి. "మూడో పాట కాడ ఆగుతది, మనోళ్ళ తప్పు గాదు" అని ఎర్రసిరాతో రాసిన వరుస నేను కళ్ళారా చూశాను.

మిల్లులో పని ఎక్కువై ఇంటికి రాలేని రోజు సీడీ ఒక్కటే వచ్చేది, బస్సులో. దాన్ని మామ కట్టే తీరు ఇప్పటికీ కళ్ళ ముందుంది. పాత శుభలేఖ ఒకటి తీసుకుని, మడత మధ్యలో పాలిథిన్ కవరుతో సహా సీడీ పెట్టి, పైన ఇంకో శుభలేఖ వేసి, రెండు రబ్బరు బ్యాండ్లు అడ్డంగా నిలువుగా బిగించేవాడు. మందంగా, నిగనిగలాడే శుభలేఖలనే ఏరిపెట్టుకునేవాడు. ఎవరైనా పల్చటి కార్డు కొట్టిస్తే "పెండ్లి మంచిగనే చేసిండ్రు గని కార్డు పనికిరాది" అని పెదవి విరిచేవాడు. ఆ పొట్లం డ్రైవరు చేతికిచ్చి, వేములపల్లి స్టేజీ దగ్గర నన్ను నిలబెట్టేవాడు. ఎండాకాలం సెలవులంటే నాకు అమ్మమ్మ ఇల్లు కాదు, ఆ బస్టాపే గుర్తు. అట్లా సినిమా హీరోహీరోయిన్లు ఎవరివో దంపతుల పేర్ల మధ్య పడుకుని మా ఊరికి వచ్చేవాళ్ళు.

చిక్కంతా రెండో సీడీతో. వీసీడీలో 74 నిమిషాలు, మహా అయితే 80 నిమిషాలు పడుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు సీడీలు కావాలి, పాటలూ ఫైట్లూ దండిగా ఉంటే మూడు. కొత్త సినిమాకు గిరాకీ ఎక్కువ కాబట్టి, మొదటి సీడీ చూసేసిన ఇంటి నుంచి అది మా ఊరికొస్తే, రెండోది ఇంకా మిర్యాలగూడలోనే ఎవరింట్లోనో ఆడుతుండేది. మేం మొదటి సగం చూసి, కథ మంచి పట్టు మీదుండగా, నోళ్ళు తెరుచుకుని నీలం తెర ముందు కూర్చునేవాళ్ళం. వచ్చే బస్సు గంట తర్వాత. అప్పుడు మామ గోడ దగ్గర నుంచి కదిలి టీవీ ముందుకొచ్చేవాడు.

"ఇప్పుడేమైతదంటే..." అని మొదలుపెట్టి మిగతా సగం తనే చెప్పేవాడు. విలన్ కత్తి తీసే చప్పుడు, హీరో బుల్లెట్టు ఆగే చప్పుడు, హీరోయిన్ ఏడుపు అన్నీ ఆయనవే. బస్సొచ్చి, నేను పొట్లం పట్టుకుని పరుగెత్తుకొచ్చి, రెండో సీడీ పెట్టాక తెలిసేది, ఆయన కూడా ఆ సినిమా చూడలేదని. మామ చెప్పిన దాంట్లో హీరోకు ఒక చెల్లెలుంటుంది, ఆమెకొక పెళ్ళి ఆగిపోతుంది, అసలు సినిమాలో చెల్లెలే లేదు. నిజం చెప్పొద్దూ, మామ సినిమాయే బాగుండేది. "డైరెక్టరు ఆడ పొరపాటు చేసిండు" అని ఆయన తీర్పు.

ముందే కథ చెప్పే జబ్బు మామకు ఎట్లా పట్టిందో అత్తమ్మ ఒకసారి చెప్పింది. అమ్మమ్మకు చివరి ఏళ్ళలో చెవులు వినపడేవి కావు. "మాయాబజార్" అంటే ఆమెకు ప్రాణం. మామ పక్కనే కూర్చుని, రాబోయే మాటల్ని ఒక క్షణం ముందే ఆమె చెవిలో గట్టిగా చెప్పేవాడు, తెర మీద పెదవులు కదిలేసరికి ఆమెకు అర్థమై ఉండాలని. ఆమె పోయింది, అలవాటు పోలేదు. ఇది విన్నాక నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవడం కష్టమైంది. కష్టపడైనా తెచ్చుకుంటున్నాను. ఎందుకంటే "పోకిరి" సీడీ నా చేతికిస్తూ, పొట్లం విప్పకముందే, అంతమంది జనంలో "హీరో పోలీసేరా అల్లుడా, లాస్టుకు తెలుస్తది, మంచిగుంటది చూడు" అన్నాడు. 2006లో తెలుగుదేశమంతా ఊపిరి బిగబట్టి చూసిన మలుపును నేనొక్కణ్ణే ఆవలిస్తూ చూశాను. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం అదే.

2007 సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు డల్లాస్ నుంచి వచ్చాడు. అక్కడ నెట్‌ఫ్లిక్స్ అనే కంపెనీ డీవీడీలను పోస్టులో ఇంటికి పంపుతుందని, ఎర్ర కవరులో వస్తాయని, చూసి అదే కవరులో పెట్టి పోస్టు డబ్బాలో వేస్తే జాబితాలో తర్వాతి సినిమా వస్తుందని చెప్పాడు. మామ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. తనలాంటి మనిషి ఖండాంతరాన మరొకడున్నాడని తెలిసిన ఆనందం అది. ప్రశ్నలు మొదలయ్యాయి. అట్టముక్క పెడతారా? పెట్టరు, కవరే. విరగదా? దాదాపు విరగదు. అసలు కంపెనీ పెట్టకముందు రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ అనే ఇద్దరూ ఒక పాటల సీడీని కవరులో పెట్టి తమ ఊళ్ళోనే తమకే పోస్టు చేసుకుని, విరక్కుండా చేరిందని చూసుకున్నాకే ధైర్యం చేశారు. క్యాసెట్ బరువు, పోస్టు ఖర్చు తడిసి మోపెడవుతుంది. డిస్కు పల్చన కాబట్టే 1998లో వ్యాపారం మొదలైంది. "శుభలేఖ పెడితే ఇంకింత భద్రం" అన్నాడు మామ.

"ఆలస్యమైతే ఎంత?" అనడిగాడు.

"ఆలస్యానికి డబ్బుల్లేవు మామా. నెలకింత అని కడతాం, ఎన్నాళ్ళైనా ఉంచుకోవచ్చు."

మామ మొహం మాడిపోయింది. "గట్లైతే తెచ్చిచ్చేదెవడు? భయం లేకుంటే సీడీ ఇంటికొస్తదా?" ఆ రాత్రంతా ఆయనకు అమెరికా మీద బెంగ. 2000లో ఇదే కంపెనీని 5 కోట్ల డాలర్లకు కొనుక్కొమ్మంటే, వేల షాపులున్న బ్లాక్‌బస్టర్ వద్దని పంపేసిన కథ అన్న చెబితే, మామ బ్లాక్‌బస్టర్ పక్షమే వహించాడు. ఆ షాపులవాళ్ళు ఆలస్యానికి డబ్బులు గుంజేవాళ్ళు మరి. వాళ్ళు 2010లో దివాలా తీశారని తర్వాత నేను చెబితే, ఊళ్ళో పెద్దమనిషి పోయినంత మౌనం పాటించాడు. విచిత్రమేమంటే, అన్న ఎర్ర కవర్ల ముచ్చట చెబుతున్న ఆ జనవరిలోనే నెట్‌ఫ్లిక్స్ సినిమాలను ఇంటర్‌నెట్‌లో నేరుగా చూపించడం మొదలుపెట్టింది. అది అన్నకూ పెద్దగా పట్టలేదు.

మన దేశంలోనూ సెవెంటీఎంఎం, బిగ్‌ఫ్లిక్స్ లాంటివి నగరాల్లో ఇంటికే డిస్కులు పంపి, మళ్ళీ తీసుకెళ్ళేవి. అవి వేములపల్లిదాకా రాలేదు. మామ ఉండగా రావాల్సిన అవసరమూ లేదు. మామను దెబ్బ కొట్టింది వేరే. 2007లో మోజర్‌బేర్ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మారు. అద్దె రెండుమూడు రోజులు దాటితే సీడీయే కొనుక్కోవచ్చు. పుస్తకంలో పద్దులు పల్చబడ్డాయి. పెన్‌డ్రైవులొచ్చాక పిల్లలు మామను అడగడం మానేశారు. పైరసీ సీడీ మాత్రం ముట్టేవాడు కాదు. 2013 సెప్టెంబరులో "అత్తారింటికి దారేది" విడుదల కాకముందే సగం సినిమా బయటికొచ్చి, పెడన దగ్గర గుట్టు రట్టయి గొడవైంది గుర్తుందా? ఎవరో అది తెచ్చిపెట్టమంటే మామ మండిపడ్డాడు. "సగం సినిమా పెట్టే మనిషి లెక్క కనబడుతున్ననా?" అన్నాడు. ఇంట్లో ఎవరమూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది, ఆ డిసెంబరులో ప్రైమ్ వీడియో. 2020 ఉగాది రోజున దేశమంతా తాళం పడితే, అదే పండక్కి "ఆహా" మొదలైంది. అందరూ ఇంట్లోనే ఉన్నారు, లోకంలోని సినిమాలన్నీ టీవీలో ఉన్నాయి, మామ చేతిలో రిమోట్ ఉంది. ఆయన జాతకంలో అంతటి యోగం మళ్ళీ రాదు. కానీ అక్కడే పడ్డాడు. ఒక్క సీడీ ఉన్నప్పుడు పెట్టడం తెలిసిన మనిషికి, వేల బొమ్మల మధ్య ఏది పెట్టాలో తోచలేదు. పక్కకు జరుపుతాడు, కిందికి జరుపుతాడు. ఒక బొమ్మ మీద ఆగితే ట్రైలర్ దానంతటదే మొదలవుతుంది, ఉలిక్కిపడి ముందుకు పోతాడు. "ఇది పెట్టాల్నా?" అంటాడు. "పెట్టు" అంటే "ఇంకేమున్నయో చూద్దాం" అంటాడు. అన్నాలవుతాయి, పిల్లలు ఫోన్లు తీస్తారు, అత్తమ్మ కూర్చున్నచోటే కునుకు తీస్తుంది. చివరికి రాత్రి పదిన్నరకు "మాయాబజార్" పెడతాడు. మాటలు ఒక క్షణం ముందే వినిపిస్తుంటాయి.

రిమోట్‌లో మైకుంటుందని చెబితే సంబరపడ్డాడు. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, "జర మంచి సినిమా పెట్టు, ఇంట్ల ఆడోళ్ళున్నరు" అన్నాడు. అది ఏదో భయంకరమైన దెయ్యం సినిమా చూపించింది. "దీనికి మన మాట తెల్వది" అని, ఆ తర్వాత దానితో ఆంధ్రా యాసలో మాట్లాడ్డం మొదలుపెట్టాడు. ఫలితంలో పెద్ద తేడా లేదు.

లెక్కల పుస్తకం మాత్రం మళ్ళీ బతికింది. సీడీల బదులు ఇప్పుడు పాస్‌వర్డులు. ప్రైమ్ హైదరాబాద్‌లో కూతురుది, నెట్‌ఫ్లిక్స్ డల్లాస్ అల్లుడిది, ఆహా మామ సొంత డబ్బుతో కట్టింది (ఈ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు), ఇంకోటి ఫోన్ రీచార్జితో వచ్చింది. ఎవరిది ఎప్పుడు అయిపోతుందో అందులో ఉంటుంది. గడువుకు వారం ముందు ఫోన్ చేసి, "అల్లుడా, నీది దగ్గర పడ్డది" అంటాడు. మొదటిసారి విన్నవాళ్ళు హడలిపోతారు. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి కూర్చున్న నిర్మాతలు, థియేటర్ నుంచి ఓటీటీకి ఎనిమిది వారాలు ఉండాలని తీర్మానించుకున్నప్పుడు ఆ వారాలు కూడా పుస్తకానికెక్కాయి. ఏ సినిమా ఏ శుక్రవారం దిగుతుందో ఆయన్నడిగితే చాలు. అర్ధరాత్రి దిగిన సినిమాకు తెల్లారేసరికి వాట్సాప్‌లో ఆయన గొంతు సిద్ధం, చివరి మలుపుతో సహా. నేను శుక్రవారాలు ఆయన సందేశాలు తెరవను.

2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోనూ ఒక నియమం అమల్లో పెట్టింది. ఒక అకౌంటు ఒకే ఇంటివాళ్ళకు, పంచుకోవడం కుదరదు. పేపర్లో చదివి మామ మెచ్చుకున్నాడు. "గట్లుండాలె. ఒక్కడు కట్టుడు, పదిమంది చూసుడు ఏంది?" సాయంత్రం టీవీ కోడ్ అడిగేదాకా ఆ పదిమందిలో తనున్నట్టు తోచలేదు. డల్లాస్‌లో పొద్దున్నే అన్నను లేపాడు. అది ఇంట్లోవాళ్ళకే మామా అని అన్న నసిగితే, "మీ అమ్మ నాకు అక్కనా, కాదా? అక్క కొడుకు ఇల్లు నా ఇల్లు గాదా? ఆ మాట వాళ్ళకు చెప్పు" అన్నాడు. అన్న ఎవరికి చెప్పాడో తెలియదు గానీ, ఇప్పుడు వేములపల్లికి విడిగా కడుతున్నాడు.

ఆ సెప్టెంబరు 29న నెట్‌ఫ్లిక్స్ ఆఖరి ఎర్ర కవరు పంపి, 25 ఏళ్ళ డిస్కుల వ్యాపారం మూసేసింది. మొత్తం 500 కోట్లకు పైగా డిస్కులు పంపిందట. చివరగా చేరినవి తిరిగివ్వక్కర్లేదని, ఉంచేసుకోమని కూడా చెప్పింది. వీడియో కాల్‌లో అన్న ఈ సంగతి చెబితే మామకు మింగుడు పడలేదు. "తిరిగియ్యద్దన్నరా? వాళ్ళే అన్నరా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ ఊపులో అన్న నోరు జారాడు. 2009లో ఇల్లు మారినప్పుడు ఒక డిస్కు పుస్తకాల పెట్టెలో పడిపోయిందని, పోస్టులో పోయినట్టుందని చెప్పేశానని, వాళ్ళేమీ అనలేదని, అదింకా అటక మీద ఉందని నవ్వుతూ చెప్పాడు.

ఇటు పక్క నవ్వు లేదు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "ఏ నెల?" అన్నాడు మామ. సెప్టెంబరే అనుకుంటా మామా అన్నాడు అన్న. పెన్ను మూత తీశాడు. రోజుకు పది చొప్పున, మన మిర్యాలగూడ షాపు రేటే వేశాడు. పద్నాలుగేండ్లకు 51,100 రూపాయలు తేల్చి, కింద రెండు గీతలు కొట్టి, కెమెరా ముందు పట్టుకున్నాడు.

"లీపు సంవత్సరాల ముప్పై కలపలే అల్లుడా. మనోడివి గదా అని ఇడిసిపెట్టిన."