మూసీకి గోదారి తలంటు

సరే, హైదరాబాద్‌కు గోదావరి నీళ్ల పథకానికి శంకుస్థాపన అయిపోయింది. మూసమ్మకు ఇక తలంటే తరువాయి. 7,360 కోట్లతో మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర ఆమె ఒళ్లు కడగడానికేనట.

ఆ నీళ్లు బయలుదేరే ఎల్లంపల్లి జలాశయం మట్టం 148 మీటర్లు, మల్లన్నసాగర్‌ది 557. అంటే నీళ్లను నాలుగు వందల మీటర్లకు పైగా ఎత్తిపోసి, పైపుల్లో గండిపేటకు దింపి, మూసీలోకి వదులుతారు. ఊళ్లోకి అడుగుపెట్టగానే మన పాయఖానాల నీళ్లు ఎదురొచ్చి స్వాగతం చెబుతాయి.

ఇంత కరెంటు కాల్చుకుని వచ్చిన గోదావరి చేసేదల్లా మన మురుగును కాస్త పలచన చేసి నల్లగొండ రైతుకు అప్పగించడం. దీనికి పునరుజ్జీవమని పేరు.

మా సికింద్రాబాదు వాళ్లకిది కొత్త కాదు లెండి. ఒకప్పుడు తాగిన హుస్సేన్‌సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలాను వదిలి, నడుమ బుద్ధుణ్ని నిలబెట్టాం. పాపం, ఆయన ముక్కు మూసుకోలేడు.

మురుగు సంగతి అలా ఉంచితే, గండిపేటకూ, దాని జంట జలాశయానికీ ఎగువన రైతులున్నారన్న సంగతి ఎవరికైనా గుర్తుందా? 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్ల చేతులు కట్టేశారు. ఫ్యాక్టరీ వద్దు, పెద్ద హోటలు వద్దు, కాలనీలు వద్దు. ఆముదం నూనె ఫ్యాక్టరీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఔనంది. మంచిదే. కానీ మన మంచినీళ్ల కోసం పొలాన్ని పొలంగానే ఉంచుకున్న మొయినాబాద్ రైతుకు నగరం ఇచ్చిందెంత? సున్నా. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే అతను చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఫామ్‌హౌస్ ప్రహరీలు లేస్తుంటే అధికారులు మాత్రం చూడనే చూడలేదు. చివరికి ఆ నీళ్లు నగరానికి అక్కర్లేదంటూ 2022లో 69 జీవోతో ఆంక్షలే ఎత్తేశారు. సిగ్గుండాలి!

న్యూయార్కు నగరం మంచినీళ్ల కోసం 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందం చేసుకుంది. పేడ వాగులో కలవకుండా కట్టే కట్టడాలకు, వాగు వెంట కంచెకు, చెట్లకు అక్కడి రైతులకు డబ్బిచ్చింది. వందల కోట్ల డాలర్ల ఫిల్టర్ ప్లాంటు తప్పించుకుంది.

ఎకరానికింత అని రైతుకివ్వడం మనకు రాదా? రైతు భరోసా ఏడాదికి 12,000. ఆ 84 ఊళ్లలోని 1.32 లక్షల ఎకరాలకూ, ఫామ్‌హౌస్ లాన్లతో సహా, వాగును కాపాడినందుకని మరో 12,000 ఇస్తే ఏడాదికి 158 కోట్లు. ఈ 7,360 కోట్లు నలభై ఆరేళ్లు వస్తాయి. కానీ పైపులకైతే టెండరుంటుంది. పొలం గట్టున గడ్డి పెంచడానికి ఏం టెండరు పిలుస్తారు?