ఫొటోకి కాదు, గోడకి రంగు మార్చండి

బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో కాస్త గులాబీ జీరో, ఆకుపచ్చ జీరో కనిపించగానే మనవాళ్ల చెయ్యి మౌస్ మీదికి పోతుంది. ఆగండి. ముందు మీరు కూర్చున్న గది గోడలు ఏ రంగులో ఉన్నాయో చూసుకోండి.

మా అమ్మమ్మ పెళ్లినాటి ఫొటో స్కాన్ చేసిన రాత్రి ఈ సంగతి నాకు తెలిసొచ్చింది. జడలో మల్లెపూలు గులాబీ రంగు తిరిగినట్టు కనిపించాయి. రెండు గంటలు కూర్చుని కొంచెం కొంచెంగా ఆకుపచ్చ వైపు జరిపాను. తెల్లారి లాప్‌టాప్ వరండాలోకి తెచ్చి చూద్దును కదా, అమ్మమ్మ ముఖం పాచిపట్టిన గచ్చులా ఉంది! మొదటి స్కాన్ తెరిచి పూల మీద కర్సర్ పెట్టాను. ఎరుపు 214, ఆకుపచ్చ 214, నీలం 214. మూడూ సమానమైతే అది అచ్చమైన బూడిద రంగు. ఫొటోలో ఏ రంగూ లేదు. నా గదికున్నది చిలకపచ్చ రంగు. లైటు వెలుగు ఆ గోడల మీద పడి గదంతా పచ్చబారితే, కన్ను దానికి అలవాటుపడి బూడిద రంగుని గులాబీగా చూసింది.

అందుకే నా మొదటి సలహా: పెయింటర్‌ని పిలవండి. మెరుపు లేని లేత బూడిద రంగు, నాలుగు గోడలకీ. ప్రింటింగ్‌వాళ్లు ప్రూఫులు చూసే చోటికి ఐఎస్ఓ 3664 అనే ప్రమాణమే ఉంది. చుట్టూ ఏ రంగూ లేని బూడిద ఉండాలనీ, కాగితం మీద పడే వెలుగు 5000 కెల్విన్ల డీ50 కావాలనీ అది చెబుతుంది. వాళ్లకి అక్కర్లేని ఖర్చయితే పెట్టేవాళ్లా? తర్వాత చొక్కా. ఎర్రచొక్కా నీడ స్క్రీన్ మీద పడుతుంది, బూడిద రంగుదే తొడుక్కోండి. పక్కన ఎవరైనా ఎర్రచీరతో కూర్చుంటే కాసేపు హాల్లో కూర్చోమనండి, ఏమీ అనుకోరు. నైట్ మోడ్ ఆపడం ఎలాగూ తెలుసు.

ఇంత చేశాక కూడా జీర కనిపించి, అంకెలు 136, 128, 116 అని తేడాగా ఉంటే, అప్పుడు జీర నిజంగా ఉన్నట్టే. అప్పుడైనా సరే, ఒక్క నొక్కుతో రంగంతా తీసేసే డీశాచురేట్ జోలికి పోవద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లు విడివిడిగా తెరిచి చూడండి. పాత కాగితం మీది పసుపు మరక నీలం చానెల్లో నల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎరుపు చానెల్లో దాదాపు మాయమవుతుంది. ఆ ఎరుపు చానెల్‌నే ఉంచుకుంటే మరకా పోతుంది, జీరా పోతుంది. కొన్ని ఫొటోల్లో నీడలు నీలంగా, వెలుగులు పసుపుగా తిరుగుతాయి. ఒక్క స్లయిడర్‌తో రెండూ దారికి రావు. కర్వ్స్‌లో ఒక్కొక్క రంగు గీతనీ ఓపిగ్గా వంచాల్సిందే. ఒక ఆదివారం పడుతుంది, పట్టనివ్వండి.

ఇక ప్రింటు. ఒకే చానెల్ ఉన్న గ్రేస్కేల్ ఫైలు కలర్ ల్యాబ్‌లో ఇస్తే ఆకుపచ్చ జీరతో వచ్చింది. ఫైల్లో లేని రంగు ఎక్కడిదంటే కాగితంలోది. కలర్ పేపర్‌లో బూడిద రంగు సియాన్, మెజెంటా, పసుపు పొరలు మూడూ కలిస్తేనే వస్తుంది. వాటి పాళ్లలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బూడిద ఒకవైపు ఒరుగుతుంది. రంగు ఇంకులు కలిపి బూడిద తెచ్చే ఇంక్‌జెట్ ప్రింట్లకీ ఈ బాధ ఉంది. ట్యూబ్‌లైటు కింద ఆకుపచ్చగా ఉన్న ప్రింటే ఎండలో గులాబీగా తిరగొచ్చు.

మళ్లీ తీయమని ల్యాబ్‌వాళ్లతో గొడవపడకండి. ప్రింటు చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. కిటికీ పక్కన, మెట్ల కింద, దేవుడి గదిలో. ఎక్కడ జీర కనబడదో అక్కడే మేకు కొట్టండి. మా అమ్మమ్మ ఫొటోకి వంటింటి గుమ్మం పైన చోటు కుదిరింది. పొద్దున ఎనిమిదింటికి కిటికీ వెలుగు పడితే ఆ మల్లెలు తెల్లగా ఉంటాయి.

సంక్రాంతికి ఎలాగూ ఇంటికి రంగులు వేయిస్తారు. ఈసారి కంప్యూటరున్న గదికి మాత్రం బూడిద రంగు చెప్పండి.