కేస్‌షీట్‌కెక్కని కంచం

హైదరాబాద్ కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న చోటే ఆస్పత్రి. ఏళ్ళ తరబడి మామిడి, బత్తాయి లారీలు దిగిన గడ్డిఅన్నారం యార్డును బాటసింగారం పంపించేసి, 2022 ఏప్రిల్ 26న అక్కడ టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. రోగి దగ్గరికి పండు పట్టుకెళ్ళడం లోకంలో ఆనవాయితీ. మనం మాత్రం పండును సాగనంపి రోగిని పిలుచుకున్నాం. వెయ్యి పడకలన్నారు, సంతోషం. వెయ్యి పడకలంటే పూటకు వెయ్యి కంచాలు కూడా. పడకల లెక్క చెప్పని నాయకుడు లేడు, కంచాల లెక్క చెప్పినవాణ్ణి నేనింకా వినలేదు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఎటు చూసినా ఆస్పత్రి బోర్డులే. ఏదో ఒకదాంట్లో చేరారనుకోండి. రక్తం తీస్తారు, ఎక్స్‌రే తీస్తారు, ఆధార్‌కు జిరాక్స్ తీస్తారు, ఇన్సూరెన్స్ కార్డును తిరగేసి బోర్లేసి చూస్తారు. బరువు మాత్రం తూచరు, "ఎంతుంటారండీ?" అని అడుగుతారు. మనం పెళ్ళినాటి అంకె చెబుతాం. అదే రాసుకుంటారు.

మధ్యాహ్నం అన్నం, చప్పిడి పప్పు వస్తాయి. నోరు చేదుగా ఉండి పేషెంటు రెండు ముద్దలు కతికి పక్కన పెడతాడు. మిగిలింది అటెండెంటు తింటాడు. కంచం ఖాళీగా వెనక్కి పోతుంది, పేషెంటు సుష్టుగా భోంచేసినట్టు లెక్క. మూత్రం ఎన్ని మిల్లీలీటర్లో కేస్‌షీట్‌లో ఉంటుంది. లోపలికి పోయిన ముద్దలెన్నో ఉండదు.

"సిస్టరమ్మా, మా ఆయన నిన్నటి సంది ఏం తింటలేడు."

"ఏం గాదమ్మా, సెలైన్ నడుస్తుంది గదా!"

సెలైన్ మీద మన భక్తి గురువారం నాటి దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి క్యూకు ఏమాత్రం తీసిపోదు. నిజానికి ఉప్పునీటి సీసాలో ఒక్క కేలరీ ఉండదు. అయిదు శాతం గ్లూకోజ్ అర లీటరు ఎక్కిస్తే ఒంట్లోకి పోయేది 25 గ్రాముల చక్కెర, వంద కేలరీలకు లోపే. అంటే రెండు ఇడ్లీల పాటి, అదీ మినప్పప్పు వేయని ఇడ్లీలు. ఆ రెండు ఇడ్లీలకే ఒక సూది, ఒక సెట్టు, ఒక స్టాండు, బిల్లులో మూడు వరుసలు.

చార్లెస్ బటర్‌వర్త్ అనే అమెరికా డాక్టరు 1974లోనే ఓ వ్యాసం రాశాడు. రోగులు ఆస్పత్రిలో ఉండగానే చిక్కిపోతున్నారని చెప్పి, ఆస్పత్రులు చేస్తున్న తప్పులన్నీ వరసపెట్టాడు. ఎత్తూ బరువూ రాయకపోవడం, రోజుల తరబడి గ్లూకోజ్ సెలైన్ల మీదే నెట్టుకురావడం, పరీక్షల పేరుతో భోజనం ఎగ్గొట్టించడం, ఎంత తిన్నాడో చూడకపోవడం. పాపం, ఆ జాబితా మనదాకా వచ్చేసరికి పైనున్న శీర్షిక చిరిగిపోయినట్టుంది. చేయవలసిన పనులనుకుని తు.చ. తప్పక పాటిస్తున్నాం.

లంఖణం పరమౌషధం అన్న మాటకు ఆపరేషన్ థియేటర్ పెట్టని కోట. మత్తుకు ఆరు గంటల ముందు దాకా తేలికపాటి టిఫిన్, రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు ఇవ్వొచ్చని మత్తు డాక్టర్ల మార్గదర్శకాలే అంటున్నాయి. మన దగ్గర రాత్రి తొమ్మిదికి నోరు కట్టేస్తారు. ఆపరేషన్ మధ్యాహ్నానికి, అక్కణ్ణుంచి సాయంత్రానికి, చివరికి రేపటికి జరుగుతుంది. నోరు కట్టేసిన సంగతి గుర్తున్నది పేషెంటుకొక్కడికే.

స్విట్జర్లాండ్ వాళ్ళు ఎనిమిది ఆస్పత్రుల్లో 2,088 మందిని తీసుకుని, సగం మందికి డైటీషియన్ చేత ఎవరికి తగ్గ తిండి వాళ్ళకు లెక్కగట్టి పెట్టించారు. నెల తిరిగేసరికి మామూలు తిండి తిన్నవాళ్ళలో వందకు పదిమంది పోతే, వీళ్ళలో ఏడుగురు పోయారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇదే పని ఏ మాత్రో చేసుంటే ఈపాటికి దాని మెడికల్ రిప్రజెంటేటివ్‌లతో మన ఓపీలు కిటకిటలాడేవి.

పోషకాహారం తెలియని ఊరా అంటే, 1958లో కూనూరు నుంచి జాతీయ పోషకాహార సంస్థను తెచ్చుకుని తార్నాకలో పెట్టుకున్న ఊరు. ఎల్బీనగర్ నుంచి అక్కడికి మెట్రోలో ఒక్కసారే రైలు మారి పోవాలంటే అమీర్‌పేట్ దాకా వెళ్ళి వెనక్కి రావాలి. వాళ్ళ సలహాలు కూడా అమీర్‌పేట్‌లోనే దిగిపోయి ఉంటాయి.

సర్కారు ఏమీ చేయలేదంటే కళ్ళు పోతాయి. 2022లో సర్కారు దవాఖానాల్లో పేషెంటు తిండి ఖర్చును రోజుకు 40 రూపాయల నుంచి 80కి, టీబీ, క్యాన్సర్ లాంటి జబ్బులవాళ్ళకు 56 నుంచి 112కి పెంచారు. అటెండెంట్లకు అయిదు రూపాయల భోజనం పెట్టారు. మంచి పనే, మనస్ఫూర్తిగా అంటున్నాను. కాకపోతే 80 రూపాయలు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పూట టిఫిన్, చాయ్ కానిచ్చి చూడండి. మిగిలిన రెండు పూటలకు ఎంత మిగిలిందో చెప్పండి.

ప్రైవేటులో ఈ బాధ లేదు. అక్కడ డైటీషియన్ వస్తుంది, చిరునవ్వుతో ఒక కాగితం ఇస్తుంది. "లో సాల్ట్, సాఫ్ట్ డైట్, హై ప్రొటీన్." ఆ మూడింటినీ ఒకే ఇడ్లీలో ఎక్కడ వెతకాలో తోచక మనం నిలబడితే, కింద మెడికల్ షాపులో పౌడర్ డబ్బా సిద్ధం.

అసలు కావలసింది చేరిన రోజున ఒక తూకం మిషన్, రెండు ప్రశ్నలు: ఈ మూడు నెలల్లో బరువు తగ్గారా, ఈ వారం తిండి తగ్గిందా? ఆపైన కంచం తీసుకెళ్ళే ఆయా చేతికి ఒక పెన్ను. సగం తిన్నాడా, పావు తిన్నాడా, ఎవరు తిన్నారు అన్నది కేస్‌షీట్‌లో పడితే చాలు. కానీ ఇంత చవక వైద్యాన్ని ఎవరు నమ్ముతారు? అందుకే నా మనవి, దీనికి 'ప్లేట్ స్కాన్' అని పేరు పెట్టి పూటకు ఆరొందలు ఛార్జీ కట్టండి. మర్నాటికి ప్రతి ఆస్పత్రిలో ప్రతి కంచమూ స్కాన్ అవుతుంది. ఎటొచ్చీ పప్పు చల్లారకముందే ఇన్సూరెన్స్ వాళ్ళ అప్రూవల్ రావాలి, అంతే.