నీడ్‌ఫుల్ చేసేశారు

‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’ అని నాలుగు ముక్కలు రాసి మా షావుకారుకి సగం లారీ బెల్లం నష్టం తెచ్చినవాణ్ణి నేను. అప్పట్లో అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఈ సంగతి తెలియనివాడు లేడు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కాబట్టి ఇక నేనే చెప్పుకోవాలి.

వర్తక సంఘం పేరునే కాలేజీకి పెట్టుకున్న ఊరు మాది. ఏ.ఎం.ఏ.ఎల్. అనే నాలుగు పొడి అక్షరాల్నీ ‘అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ లింగమూర్తి’ అని విప్పి చెప్పగలిగేవాళ్లు ఇప్పటి పిల్లల్లో ఎంతమందో! అలాంటి ఊళ్లో కామర్స్ చదివినవాడికి కమీషన్ కొట్లో గుమస్తా పని దొరకడం వింతేమీ కాదు. చేరింది లెక్కలు రాయడానికే. కానీ సరుకు ఒడిశాకి, బెంగాల్‌కి వెళ్లేది. అక్కడి వర్తకులకి తెలుగు రాదు, మాకు వాళ్ల భాష రాదు. మధ్యలో ఇంగ్లీషు. కొట్లో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఉత్తరాలు కూడా నా నెత్తినే పడ్డాయి.

నిజానికి నాకూ రాదు. పాత ఫైళ్లు తిరగేశాను. నాకు ముందు పనిచేసిన గుమస్తా ప్రతి ఉత్తరం చివరా ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్’ అని తేల్చేసేవాడు. చెక్కు రాలేదన్నా అదే, గోనె సంచులు తిప్పి పంపమన్నా అదే, రేటు తగ్గించమన్నా అదే. భలే సదుపాయంగా తోచింది. అవతలివాణ్ణి ఏం చేయమనాలో మనకి స్పష్టంగా తెలియకపోయినా ఉత్తరం పూర్తవుతుంది. ఆ సుఖం మరిగాను.

ఆషాఢంలో ఒక లోడు కటక్ వెళ్లింది. దారిలో వాన. టార్పాలిన్ ఎక్కడ చిరిగిందో, ఎవడు సరిగ్గా కట్టలేదో, వెనక వరసల్లోని దిమ్మలన్నీ తడిశాయి. తడిసిన బెల్లం ఎలా ఉంటుందో చూడనివాళ్లకి చెప్పాలి. ముందు అంచులు మొద్దుబారతాయి. పైన మెరుపొస్తుంది, నూనె రాసినట్టు. తర్వాత అడుగున గోనెపట్టా తడిసి నల్లబడుతుంది, పాకం బొట్లు బొట్లుగా కారుతుంది, ఎక్కణ్ణించో ఈగలు దిగుతాయి. పొడి దిమ్మల్ని వెంటనే వేరుచేస్తే అవి దక్కుతాయి. కలిపి ఉంచితే అవీ చెమ్మ పట్టి మెత్తబడిపోతాయి.

కటక్ వర్తకుడు టెలిగ్రాం ఇచ్చాడు: సరుకు తడిసింది, ఏం చేయమంటారు? అప్పట్లో అవతలి ఊరికి ట్రంకాల్ దొరకాలంటే పూట పట్టేది. షావుకారు తూకం దగ్గరున్నాడు. కాగితం చూపిస్తే, ‘సూసి రాయి బాబూ, తొరగా రాయి’ అన్నాడు. చూసి రాయవలసింది ఏమిటంటే: లారీ రసీదు మీద ‘తడిసి చేరింది’ అని డ్రైవరు చేత సంతకం పెట్టించు. పొడి దిమ్మలు వేరు చేయించు. తడిసినవి అమ్మకు, మా మనిషి రేపటి బండికి బయల్దేరుతున్నాడు. ఈ మూడూ నాకు తెలుసు. రసీదు మీద ఆ ముక్క లేకపోతే ట్రాన్స్‌పోర్టు వాడి దగ్గర పైసా రాలదని తెలిసీ, వీటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తోచక, పోస్టాఫీసు కౌంటరు దగ్గర నిలబడి ఆ నాలుగు మాటలే రాసిచ్చాను. మాటకింత అని లెక్కగట్టి డబ్బు పుచ్చుకునే చోట ‘ప్లీజ్’కి కూడా ఖర్చు పెట్టాను. పైగా పొదుపుగా రాశానని సంతోషించాను.

వారం తిరిగేసరికి కటక్ నుంచి పట్టీ వచ్చింది. తడిసినవీ పొడివీ కలిపి, దొరికిన ధరకి ఆ రోజే అమ్మేశాడు. కూలీ, తూకం, కమీషన్ అన్నీ విరగ్గోసుకుని మిగిలింది రాశాడు. కింద ఒక వాక్యం: మీరు చెప్పిన ప్రకారం నీడ్‌ఫుల్ చేశాము.

అతణ్ణి తప్పుపట్టడానికి ఏమీ లేదు. అతని గోదాములో, అతని ముక్కు కింద పాకం కారుతుంటే అతనికి తోచిన అవసరం అమ్మేయడం. నా అవసరం వేరు. ఆ మాటలో ఎవరి అవసరమో రాసి ఉండదు.

షావుకారు పట్టీ రెండుసార్లు చదివించుకున్నాడు. ‘ఏట్రా, నువ్వేటి రాసేవు, ఆడేటి సేసేడు?’ అన్నాడు. నేను రాసిందాని తెలుగు చెప్పాను. ‘సెయ్యవలసింది సెయ్యమన్నావా? సెయ్యవలసిందేటో ఆణ్ణే సూసుకోమన్నావా? మరి మనం ఇక్కడ కూకోడం దేనికిరా?’ జీతంలో కోత పెట్టలేదు. పెట్టి ఉంటే అంతటితో పోయేది. తర్వాత చాలాకాలం ఎవరు కొట్లోకి వచ్చి ఏం అడిగినా, ‘మా గుమస్తా నీడుపుల్లు సేసెత్తాడు, కూకోండి’ అనేవాడు.

మా జిల్లాలోని ఎస్.రాయవరంలోనే 1862లో గురజాడ అప్పారావు పుట్టాడు. ‘కన్యాశుల్కం’లో వెంకమ్మ ముచ్చటపడి ఇంగ్లీషు వినిపించమంటే గిరీశమూ వెంకటేశమూ వాచకంలోని ముక్కలు ఒకరి మీదొకరు విసురుకుంటారు, ఆ తల్లి మురిసిపోతుంది. గిరీశం ఘటికుడు, ఆ ముక్కలకి అర్థం లేదని అతనికి తెలుసు. నేను వెంకమ్మనీ గిరీశాన్నీ కూడా అయ్యాను. నా ఇంగ్లీషు విని నేనే మురిశాను.

ఇంత జరిగాక మానుకోవాలి కదా. మానలేదు. ఇది అసలు తెలివితక్కువతనం. తప్పు ఆ మాటది కాదు, కటక్ వాడిది కూడా కాదు, వానది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కొట్టు మూతపడ్డాక ఇంటి పనులకీ అదే వాడాను. పంచాయతీకీ అదే, బ్యాంకుకీ అదే.

అమ్మాయి పెళ్లయ్యాక అబ్బాయి అమెరికా వెళ్లాడు. వాళ్లమ్మకి జ్వరమొచ్చి నాలుగు రోజులైనా తగ్గలేదు. ‘ఒకసారి ఫోన్ చేసి మాట్లాడమనండి’ అంది ఆవిడ. నేను ఫోన్‌లో మెసేజ్ కొట్టాను: అమ్మకి ఒంట్లో బాగోలేదు, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్. రెండో రోజుకి బ్యాంకులో డబ్బు పడింది. ఫోన్ రాలేదు. తర్వాత అడిగితే, ‘మీరు ఆస్పత్రి ఖర్చుకే అడిగారనుకున్నా నాన్నా’ అన్నాడు. ఆ మాట అక్కడి ఆఫీసులో రాస్తే అమెరికన్లు తెల్లమొహం వేస్తారని కూడా చెప్పాడు. ఇంగ్లండులో పాతబడి వాడుక తగ్గిపోయిన మాటని మన ఆఫీసులు భద్రంగా దాచుకున్నాయట.

కుతూహలం కొద్దీ పెద్ద డిక్షనరీ తిరగేశాను. ‘ది నీడ్‌ఫుల్’ అంటే ఒకప్పటి ఇంగ్లీషు వాడుకలో డబ్బు అనే అర్థం కూడా ఉందిట! అంటే మావాడు దాన్ని తాతల కాలం అర్థంలోనే సరిగ్గా చదివాడన్నమాట. మా ఆవిడకి ఈ విశేషం చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

తెలుగులో రాస్తే ఈ పీడ ఉండదనుకున్నాను. 1966లో అధికార భాషా చట్టం వచ్చిన రాష్ట్రం మనది, అర్జీ తెలుగులో రాయడానికి ఎవరూ అడ్డు చెప్పరు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయ్యాక సోమవారం అర్జీలకి విశాఖపట్నం బస్సెక్కే బాధా తప్పింది. అప్పణ్ణించీ చుట్టుపక్కల రైతులు అర్జీ రాయించుకోవడానికి నా అరుగు మీదికి వస్తున్నారు. నేను రాసినవి ఒకసారి వరసగా చూసుకుంటే ఏముంది, ప్రతిదాని చివరా ‘కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన’. నీడ్‌ఫుల్ పంచె కట్టుకుని వచ్చి కూర్చుంది.

మొన్న ఒక చెరకు రైతు వచ్చాడు. గట్టు మీద కరెంటు స్తంభం ఒరిగింది, తీగ చెరకు ఆకులకి తగిలేంత కిందికి దిగింది. ‘ఏం కావాలి నీకు?’ అని అడిగాను. ‘స్తంభం నిలబెట్టాల, తీగ పైకి లాగాల, చెరకు కొట్టే లోపు’ అన్నాడు. ఆ మూడు ముక్కలూ అలాగే రాశాను. రాశాక చెయ్యి ఊరుకోలేదు, ‘తగు చర్యలు’ వాక్యం కూడా అతికించాను.

చదివి వినిపిస్తే చివర్న ఆగాడు. ‘మూడూ సెప్పేం కదా బాబూ, ఇదేటి మళ్లా?’

‘మర్యాదకి’ అన్నాను.

‘అయితే ఉండనీండి’ అని వేలిముద్ర వేశాడు.