మళ్ళీ ప్రయత్నించమనే మహానుభావులకు

ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే సంస్థలో, అప్‌డేట్లు పంపే విభాగం పెద్దల సముఖమునకు,

తెనాలి నుంచి ఒక డీటీపీ సెంటరు యజమాని నమస్కరించి రాయునది. తమరు క్షేమమని తలుస్తాను. నా కంప్యూటరు క్షేమం కాదు. ఆ సంగతి దాని లోపలున్న హార్డ్‌డిస్కుకు తెలుసు. అడిగి ఉంటే తమరి సాఫ్ట్‌వేరుకూ తెలిసేది. తెలిసే దారి లేనిది నాకొక్కడికే.

నెలనెలా మర్చిపోకుండా అప్‌డేటు పంపుతున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. పెళ్ళికూతురి తండ్రి శుభలేఖ ప్రూఫు చూసుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే తమరి సందేశం దయచేసింది: అప్‌డేటు జరుగుతోంది, కంప్యూటరు ఆపవద్దు. ఆపలేదండీ. శాతం పాక్కుంటూ పాక్కుంటూ వెళ్ళి మూడొంతులు దాటాక బిగుసుకుపోయింది. కేబినెట్‌లోంచి టిక్కు, టిక్కు అని చప్పుడు. కాసేపటికి, పూర్తి చేయలేకపోయాం, చేసిన మార్పులు వెనక్కి తీసుకుంటున్నాం అన్నారు. ముందుకు వెళ్ళడానికి పట్టినదానికంటే వెనక్కి రావడానికే ఎక్కువసేపు పట్టింది. పెద్దాయన టీ తాగొచ్చారు, బజారు పని చూసుకొచ్చారు. "ఏం బాబూ, పెళ్ళిలోపలైనా వస్తాయా కార్డులు?" అన్నారు. అప్పుడు తమరి తుది తీర్పు: ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి. దాని కింద నోరు తిరగని కోడు ఒకటి.

ఏం పొరపాటయ్యా? ఎవరి పొరపాటు? ఏం ప్రయత్నించమంటారు మళ్ళీ? మా వీధి ఆర్‌ఎంపీ డాక్టరు కూడా చెయ్యి పట్టుకు చూసి ఫలానా జ్వరం అంటాడు. ఇన్ని వేలమంది ఇంజినీర్లను పెట్టుకుని మీరు ఆపాటి చెప్పలేరా?

మీ సహాయ పేజీ చెప్పినవన్నీ చేశాం. డిస్కులో చోటు ఖాళీ చేశాం, యాంటీవైరస్ తీశాం, అప్‌డేటు దించుకున్న ఫోల్డరు తుడిచాం. మెకానిక్ కుర్రాడు వచ్చి ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెట్టాడు. సాటా కేబులు మార్చాడు. చివరికి మెకానిక్కులందరూ చెప్పే మాటే చెప్పాడు: "ఫార్మాట్ కొడదాం అన్నా." ఫార్మాట్ కొడితే నా పేజ్‌మేకర్, నా అను ఫాంట్లు, నా ప్రింటరు డ్రైవర్లు ఎవడు ఎక్కిస్తాడు? పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. మీకది పురాతన వస్తువు, నాకది అన్నం పెట్టే చెయ్యి.

చివరికి జబ్బు చెప్పింది జపాన్ నుంచి వచ్చిన క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం. ఉచితం. తెరవగానే పసుపు రంగు చూపించింది. 197వ నంబరు వరుసలో (ఆ ప్రోగ్రాం దాన్ని C5 అని చూపిస్తుంది) సున్నా ఉండాల్సిన చోట సున్నా లేదు.

దాని అర్థం మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను, వినండి. ఒక సెక్టారు చదవడానికి మొరాయిస్తే డిస్కు దాన్ని వెంటనే వదలదు. అదే చోట మళ్ళీ మళ్ళీ చదివి చూస్తూ సెకన్లకు సెకన్లు పెనుగులాడుతుంది. అంతసేపూ నా మౌసు కదలదు, డిస్కు వాడకం వంద శాతం అని చూపిస్తారు. దానివల్ల కాకపోతే, ఈ సెక్టారు అనుమానం అని 197లో పద్దు రాసుకుంటుంది. పాడైనదాని బదులు వేరే చోటు కేటాయిస్తే 5వ నంబరులో రాస్తుంది. ఇలా పద్దులు రాసే ఏర్పాటు 90లలోనే వచ్చింది. డిస్కు నిజాయితీగా రాస్తూనే ఉంది. చదవాల్సినవాళ్ళు మీరు.

మీరేం చేశారు? జబ్బు మనిషి చేత బస్తాలు మోయించారు. గిగాబైట్లకు గిగాబైట్లు దించి, విప్పి, నేను ఏనాడూ ముట్టుకోని సిస్టమ్ ఫైళ్ళన్నీ చదివి, కొత్తవి రాసి, సరిచూడబోయి చెడిన సెక్టారు దగ్గర తగులుకున్నారు. వెనక్కి రావడమూ ఆ డిస్కు మీదే. పోనీ అక్కడితో వదిలారా? మర్నాడు మళ్ళీ అదే అప్‌డేటు, మళ్ళీ మొదటి నుంచి. ఎస్సెస్డీ అయితే ఆ టిక్కు చప్పుడు కూడా వినపడదు. కొన్ని అయితే అరిగి అరిగి చివరికి రాయడమే మానేసి, చదవడానికి మాత్రం ఒప్పుకుంటాయి. దాని మీదా అప్‌డేటే!

ఆ పద్దులను నమ్మలేం అంటారేమో. నిజమే, 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులు పరిశీలిస్తే, పోయినవాటిలో సగానికి పైగా ముఖ్యమైన హెచ్చరికలేవీ ఇవ్వకుండానే పోయాయి. ఆ పరిశీలనలోనే ఇంకో ముక్క ఉంది. స్కాన్‌లో మొదటి తప్పు కనపడ్డ డిస్కు 60 రోజుల్లోపు పోయే అవకాశం, ఏ తప్పూ కనపడని డిస్కుకంటే 39 రెట్లు ఎక్కువ. చెప్పకుండా పోయేవాటిని మీరేం చేయలేరు, ఒప్పుకుంటాను. చెప్పి పోయేదాని మాటైనా వినాలి కదా!

నాతో చెప్పడానికి మీకు తీరికే లేదా అంటే, బోలెడుంది. తెర మూల వాతావరణం చెబుతారు. ఎక్కడో సినిమా తార పెళ్ళి సంగతి చెబుతారు. ఖాతా తెరవమని, క్లౌడులో చోటు కొనుక్కోమని వెంటపడతారు. అప్‌డేటు ఎక్కిన ప్రతిసారీ నా ప్రింటరును మరిచిపోయి, లేని పీడీఎఫ్ ప్రింటరును ముందుకు తెస్తారు. చెప్పాల్సిన ఒక్కటి తప్ప అన్నీ చెబుతారు.

ఫైళ్ళు చాలావరకు కొత్త డిస్కుకు ఎక్కించుకున్నాం. ఆ పెళ్ళివారి శుభలేఖ మాత్రం రాలేదు. చి.ల.సౌ. దగ్గర నుంచి బంధుమిత్రుల అభినందనలతో వరకు అంతా మళ్ళీ కొట్టాను, ప్రెస్సువాడు ప్లేటు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండగా.

కోపంలో ఓ మాట తూలితే మన్నించండి. పెద్ద కోరికేమీ కాదు, కాళ్ళు పట్టుకు అడుగుతున్నాననుకోండి. అప్‌డేటు మొదలుపెట్టే ముందు ఒక్కసారి ఆ పద్దు తిరగేయండి. 197లో సున్నా కాని అంకె కనపడితే ఆగి, తెర మీద ఇంత వేయండి:

"నీ డిస్కు పోయేలా ఉంది. ముందు ఫైళ్ళు వేరేచోట దాచుకో. అప్‌డేటు సంగతి కొత్త డిస్కు వేశాక చూద్దాం."

అక్షరాలు పెద్దవి పెట్టండి, మా నాన్నలాంటివాళ్ళకు కళ్ళద్దాలు లేకుండా కనపడాలి. కంపోజింగుకు డబ్బులడగను. ప్రూఫు కూడా నేనే చూసిపెడతాను.

ఇట్లు,
మీ అప్‌డేటు ఇంకా ఎక్కని వినియోగదారుడు