మా రోజుల్లో ముందే చెప్పేవాళ్ళు

మా రోజుల్లో దేశం దాటి ఉద్యోగానికి పోవాలంటే ముందు ఆదాయపన్ను ఆఫీసు గుమ్మం ఎక్కాలి. పాస్‌పోర్టు, వీసా, టికెట్టు అన్నీ చేతిలో ఉన్నా సరే, పన్ను బాకీ లేదని ఆఫీసరు సంతకం పెట్టిన క్లియరెన్స్ సర్టిఫికెట్టు కావాలి. ఆదాయపన్ను చట్టంలో 230వ సెక్షను అది. ఆ కాగితం లేకుండా మనిషిని ఎక్కించుకుంటే అతని బాకీ విమానం కంపెనీ నెత్తిన పడేది. 2003లో ఆ నిబంధన సడలించారు. కుర్రాళ్ళకు తిప్పలు తప్పాయని అందరూ సంతోషించారు. నేను సంతోషించలేదు. సర్టిఫికెట్టు కోసం ఆడిటరుగా నేను వెంటబెట్టుకెళ్ళిన ప్రతి కుర్రాణ్ణీ గుంటూరులో ఆ ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు. "ఇక్కడ అద్దెలొస్తాయా? పొలమెంత? నువ్వెక్కడున్నా ఇక్కడి ఆదాయానికి ఇక్కడ రిటర్ను వెయ్యాలి, మీ నాన్నకు చెప్పి వెళ్ళు" అనేవాడు. అలా ఎదురుగా చెప్పిన మాట మనిషికి గుర్తుంటుంది.

ఇప్పుడు ఆ చెప్పే మనిషి లేడు. అన్నీ ఫారాల్లో ఉంటాయి, ఎవరూ చదవని చోట. అమెరికా పౌరసత్వం వచ్చిన పిల్లలు దరఖాస్తు పెట్టి అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు తెప్పిస్తారు. వైద్య పరీక్షలకూ, ఇంటర్వ్యూకూ ముంబయి దాకా తిప్పుతారు, ప్రతి కాగితమూ వాళ్ళే నింపుతారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ పెద్దవాళ్ళు అక్కడి చలికీ ఒంటరితనానికీ తట్టుకోలేక తెనాలికో నరసరావుపేటకో తిరిగొచ్చేస్తారు. కార్డు బీరువాలో పడుంటుంది. అది ఉన్నన్నాళ్ళూ ప్రపంచంలో ఎక్కడ ఆదాయం వచ్చినా అమెరికా ఖజానాకు లెక్క చూపాలన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మనకు తెలిసిన పద్ధతి వేరు. మన చట్టం ముందు చూసేది మనిషి ఏడాదిలో ఎన్నాళ్ళు ఇక్కడున్నాడన్నది. 182 రోజుల లెక్క అందుకే. అమెరికా అలా కాదు. తన పౌరుడైతే చాలు, గ్రీన్ కార్డు ఉంటే చాలు, మనిషి తెనాలిలో ఉన్నా తన లెక్కలోకే వస్తాడంటుంది. పౌరుడు మెక్సికోలో కాపురమున్నా పన్ను వేయొచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1924లోనే చెప్పింది. ఇక గ్రీన్ కార్డు విషయానికొస్తే, కార్డు మీది తేదీ దాటిపోయినంత మాత్రాన బాధ్యత పోదు. ఐ-407 ఫారం పెట్టి కార్డు తిరిగి ఇచ్చేస్తేనో, ప్రభుత్వమే రద్దు చేస్తేనో పోతుంది. రెండు దేశాల పన్ను ఒప్పందం కింద ఇండియా నివాసినని చెప్పుకునే దారి ఒకటుంది గానీ, ఆ దారి పడితే కార్డుకే ఎసరు రావచ్చు.

మా వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టారున్నారు. జీవితంలో ఒక్క రూపాయి ఎగ్గొట్టిన మనిషి కాదు. ఆదాయపన్ను రిటర్నుకు ఒక్క పేజీ సరళ్ ఫారం వచ్చిన కొత్తలో, ఆ ఒక్క కాగితాన్ని కూడా రెండుసార్లు చిత్తు రాసుకుని మూడోసారి అసలు మీద రాసేవారు. 2025 చివర్లో ఒకరోజు బట్టల సంచి నిండా పాస్‌బుక్కులూ ఎఫ్‌డీ బాండ్లూ పట్టుకొచ్చారు. బ్యాంకులో కేవైసీ మళ్ళీ చేస్తూ ఒక ఫారం ఇచ్చారట. "మీరు వేరే దేశంలో పన్ను కట్టాల్సిన వారా?" అని అందులో ఉంది. కౌంటర్లో అమ్మాయి అడగకుండానే "లేదు" దగ్గర టిక్కు పెట్టేసి సంతకం చేయమంది. ఈయన చదివారు కాబట్టి ఆగారు. "ఆడిటర్ గారూ, నాకు గ్రీన్ కార్డుంది కదా, ఇది అబద్ధం అవుతుందేమో" అన్నారు. ఆ ఫారం అమెరికాతో మన దేశం 2015 జూలైలో చేసుకున్న ఫాట్కా ఒప్పందం వల్ల వచ్చింది. అమెరికాలో పన్ను లెక్క చూపాల్సిన వాళ్ళ ఖాతాల వివరాలు మన బ్యాంకుల నుంచి అక్కడికి పోతాయి. అంత పెద్ద ప్రశ్నకు జవాబు కస్టమరు బదులు బ్యాంకే పెట్టేసే పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. మా రోజుల్లో బ్యాంకు ఏజెంటు గారు డిపాజిట్టు కాగితం మీద నామినీ పేరు రాసే ముందు కూడా అడిగేవారు.

సంచిలో కాగితాలు బల్ల మీద పరిచాం. మాస్టారికి పింఛను, ఎఫ్‌డీల వడ్డీ, ఊళ్ళో పొలం మీద కౌలు. 2023లో ఒక ఎకరం అమ్మారు. ఇక్కడ పల్లె పొలం అమ్మితే పన్ను లేదు, కౌలుకూ పన్ను లేదు. ఆ మాట ఆయనే ధీమాగా చెప్పారు. అమెరికా చట్టానికి ఆ మినహాయింపులతో సంబంధం లేదు. కౌలు ఆదాయమే, పొలం అమ్మిన లాభమూ ఆదాయమే. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు ఇస్తారు నిజమే, కానీ ఇక్కడ కట్టిందే లేకపోతే తగ్గించేదేముంది? ఒక్క ఊరట ఏమిటంటే, తండ్రి నుంచి వచ్చిన పొలానికి ఆయన పోయిన నాటి ధరను కొన్న ధరగా తీసుకోవచ్చు. అందుకని ఆ ఏటి మార్కెట్ విలువ సర్టిఫికెట్టు కోసం సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాం. కొడుకు సలహా మీద పెట్టిన మ్యూచువల్ ఫండు ఇంకో తలనొప్పి. 1986 నాటి అమెరికా చట్టం కింద మన ఫండ్లకు ప్రత్యేకంగా ఒక ఫారం, పన్నులో వేరే లెక్క.

పన్ను కట్టాల్సినంత ఆదాయం లేని వాళ్ళక్కూడా తప్పనిది ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల నివేదిక. 2024 లెక్కకు భార్యాభర్తలిద్దరూ 65 దాటిన వాళ్ళయితే, ఉమ్మడిగా 32,300 డాలర్ల లోపు ఆదాయానికి మామూలుగా రిటర్ను అక్కర్లేదు. ఎఫ్‌బార్ ఆదాయాన్ని చూడదు. అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ప్రతి ఖాతా చూపాలి. పిల్ల పెళ్ళికనో, ఆస్పత్రి ఖర్చులకనో దాచుకున్న రెండు ఎఫ్‌డీలు చాలు ఆ గీత దాటడానికి. ప్రతి ఖాతాలో ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువగా ఉన్న నిల్వ రాయాలి. పాస్‌బుక్కుల్లో వరస వరసా వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాం. రెన్యూ అయిన ప్రతిసారీ ఎఫ్‌డీకి కొత్త నంబరు వచ్చింది. 2019 ఫారంలో ఆంధ్రా బ్యాంకు అని రాసిన ఖాతాకు ఆ తర్వాత యూనియన్ బ్యాంకు అని రాయాలి, 2020 ఏప్రిల్ 1న విలీనమైంది కనుక. అంతా అయిందనుకున్నాక మాస్టారి భార్య వంటింట్లోంచి, "అన్నయ్య గారూ, రామాలయం కమిటీ ఖాతాకు కూడా ఈయనే గదా సంతకం పెట్టేది?" అన్నారు. ఆవిడ అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. మన సొమ్ము కాకపోయినా సంతకం చేసే అధికారం ఉంటే ఆ ఖాతా కూడా ఎఫ్‌బార్‌లో చూపాలి. దేవుడి డబ్బు అమెరికా ఫారంలో రాయాల్సి వచ్చిందని మాస్టారు ఆ పూట సరిగ్గా భోజనం చెయ్యలేదు.

భయపడేవాళ్ళను నేను తప్పుపట్టను. తెలియక వదిలేసిన ఎఫ్‌బార్‌కు కూడా 10,000 డాలర్ల దాకా జరిమానా అని చట్టంలో ఉంది, ధరలతో పాటు అది పెరుగుతూ వచ్చింది. రుమేనియాలో పుట్టి, అమెరికా పౌరుడై, మళ్ళీ రుమేనియా తిరిగి వెళ్ళిపోయిన అలెగ్జాండ్రు బిట్నర్ కేసు ఉంది. ఐదేళ్ళ ఎఫ్‌బార్లు సకాలంలో వేయలేదు. 272 ఖాతాలకు ఖాతాకింతని లెక్కగట్టి ప్రభుత్వం 27.2 లక్షల డాలర్లు అడిగింది. జరిమానా ఖాతాకు కాదు, ఫారానికి అని 2023 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు తీర్పిచ్చాక అది 50,000 డాలర్లకు దిగింది. దిగినా అది మనవాళ్ళకు చిన్న మొత్తమా?

కానీ దారి ఉందన్న సంగతి కూడా ఎవరూ చెప్పకపోవడమే నాకు మండేది. స్ట్రీమ్‌లైన్డ్ అనే పద్ధతిని అమెరికా పన్ను శాఖ 2012లో తెచ్చి, 2014 జూన్‌లో విస్తరించింది. కావాలని దాచకుండా, తెలియక వదిలేసిన వాళ్ళ కోసం అది. బయటి దేశంలో ఉండేవాళ్ళు గడువు దాటిన చివరి మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఎఫ్‌బార్లు వేసి, రావాల్సిన పన్నూ వడ్డీ కడితే జరిమానా ఉండదు. అమెరికాలో ఇల్లంటూ ఉండకూడదు, ఆ మూడేళ్ళలో కనీసం ఒక ఏడాది 330 రోజులు బయట గడిపి ఉండాలి. ఆదాయమంతా ఇదివరకే చూపించి, ఎఫ్‌బార్లు మాత్రమే మరిచిపోయిన వాళ్ళకు ఇంకా తేలిక దారి ఉంది. ఆర్నెల్లు అక్కడా ఆర్నెల్లు ఇక్కడా తిరిగేవాళ్ళకు మాత్రం చిక్కు. అక్కడుండే వాళ్ళ కోసం పెట్టిన పద్ధతిలో ఐదు శాతం జరిమానా ఉంది. పైగా అంతకు ముందు రిటర్నులు వేస్తూ వచ్చినవాళ్ళకే అది పనికొస్తుంది. అలాంటి దంపతులకు పిల్లలు మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఇబ్బందే ఉండేది కాదు.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది కాగితం. ఎఫ్‌బార్లు ఆన్‌లైన్లోనే వెయ్యాలి గానీ, రిటర్నులు అచ్చు తీసి, ప్రతి దాని మొదటి పేజీ నెత్తిన ఎర్ర సిరాతో 'స్ట్రీమ్‌లైన్డ్ ఫారిన్ ఆఫ్‌షోర్' అని రాసి టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌కు పంపాలి. వాటితో 14653 అనే ఫారం జతచెయ్యాలి. ఎందుకు వెయ్యలేకపోయామో సొంత మాటల్లో, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని సంతకం పెట్టి చెప్పుకునే ఫారం అది. వాట్సాప్‌లో ఎవరిదో నమూనా తెచ్చి పేర్లు మార్చి పెట్టేవాళ్ళున్నారు. అది నేను ఒప్పుకోలేదు. మాస్టారిని కూర్చోబెట్టి రాయించాను. "2016లో మా అబ్బాయి మాకు కార్డు తెప్పించాడు. దాంతో పన్ను బాధ్యత వస్తుందని మాకెవరూ చెప్పలేదు. మా దేశంలో ఏటా రిటర్ను వేస్తూనే ఉన్నాం. బ్యాంకు ఫారం చదివినప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది." ఇంగ్లీషులో ఆయన రాసిన ఆ పేజీలో ఒక్క మాట కూడా నేను దిద్దలేదు. అక్కడి లెక్కలు చూసే సీపీఏ కూడా దిద్దలేదు.

ఈలోగా ఒక సలహాదారు ఫోను చేసి, పాతవి వదిలేసి ఈ ఏడాది నుంచి మాత్రం వేసేద్దాం, ఎవరికీ తెలియదన్నాడు. అమెరికా పన్ను శాఖ ఆ దొంగచాటు సర్దుబాటును ఒప్పుకోదు. పట్టుబడితే తెలియక చేశామన్న మాట చెల్లకపోవచ్చు. మాస్టారి లాంటి మనిషిని దొంగను చేసే సలహా అది.

అంతా సిద్ధమయ్యాక డల్లాస్‌లో ఉన్న కొడుకు వీడియో కాల్‌లోకి వచ్చాడు. "బాబాయ్ గారూ, ఇంత గొడవ ఉంటుందని నాకే తెలీదు" అన్నాడు. అతను ఏటా సీపీఏ చేత రిటర్ను వేయించుకునేవాడు. తన లెక్కలో ఉన్న చట్టమే కదా తల్లిదండ్రులకూ? ఆ మాటే అడిగాను. తర్వాత హైదరాబాద్‌లో అతని ఫ్లాటు అద్దె సంగతి అడిగాను. రెండేళ్ళుగా ఇక్కడ రిటర్ను వెయ్యలేదు. ఎన్నారై ఓనరుకు కట్టే అద్దెలో కిరాయిదారు పన్ను కోసి జమ చెయ్యాలని కూడా ఇద్దరికీ తెలియదు.

మా రోజుల్లో ఇక్కడ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక కూడా ఇంకో ఏడాది ఆలస్యపు రిటర్ను తీసుకునేవారు. ఇన్‌వార్డు కౌంటర్లో ముద్ర వేయించుకుని రావడమే. తర్వాత ఆ గడువును డిసెంబరు 31కి కుదించారు, ఐదు వేల దాకా ఆలస్య రుసుం పెట్టారు. అది దాటితే 2022లో వచ్చిన అప్‌డేటెడ్ రిటర్ను. మొదటి ఏడాదిలో పన్నూ వడ్డీల మీద అదనంగా 25 శాతం, రెండో ఏడాదిలో 50. 2025 నుంచి నాలుగేళ్ళ దాకా వెయ్యొచ్చు గానీ, ఆ అదనం 60కీ 70కీ పోతుంది. పైగా అందులో రీఫండు అడగడానికి లేదు. ఎన్నారైల ఎన్ఆర్ఓ డిపాజిట్ల వడ్డీ మీద 30 శాతం కోత పడి, రిటర్ను వెయ్యక, రావాల్సిన సొమ్ము వదిలేసుకునే కుర్రాళ్ళు ఎంతమందో! కష్టపడి సంపాదించిన డబ్బది.

అబ్బాయి బాకీ లెక్క వేస్తే ఒక ఏడాదికి 25 శాతం, అంతకు ముందు ఏడాదికి 50 శాతం పడింది. మారుమాట లేకుండా కట్టాడు. ఆ కాల్ పెట్టేసే ముందు ఇంకో పని కూడా తేల్చాను. ప్రతి జనవరిలో పాస్‌బుక్కులు ప్రింటు చేయించి, ఏ ఖాతాలో ఎంత గరిష్ఠ నిల్వ ఉందో రాసి పంపాల్సింది తండ్రి, రామాలయం ఖాతాతో సహా. ఏప్రిల్ 15 లోపు ఎఫ్‌బార్, జూన్ 15 లోపు రిటర్ను వేయించాల్సింది కొడుకు. కార్డు ఉంచుకోవాలా, ఐ-407 పంపాలా అన్నది సంక్రాంతికి అతను వచ్చినప్పుడు ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి. ఇదంతా కాగితం మీద రాయించి, చెరో ప్రతి ఇచ్చి, సంతకాలు పెట్టించాను.