చారెడు కళ్ళ సన్మానం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసిన టీచరు కళ్ళూ అంతే. 2025 దసరా వెళ్ళాక మా అమ్మాయి చదివే బడిలో లెక్కల టీచరుగారికి వీడ్కోలు సభ పెట్టారు. ప్రభుత్వం మెగా డీఎస్సీలో ఇస్తామన్న 16,347 టీచరు పోస్టుల్లో ఒకటి ఆవిడకు దక్కింది. పేరెంట్స్ కమిటీలో ఉన్న పాపానికి నన్నూ స్టేజీ ఎక్కించి కూర్చోబెట్టారు.

కరస్పాండెంటు గారు మైకు అందుకున్నారు. 'మేడం గారు మా దగ్గర ఉద్యోగి కాదండీ, మా కుటుంబ సభ్యురాలు' అన్నారు. గొంతు గాద్గదికమైంది. పిల్లలు నిజంగానే ఏడ్చారు, వాళ్ళకి నటన రాదు కదా. టీచరుగారు మా వీధిలోనే ఉంటారు కాబట్టి ముందు వారం సంగతులు నాకు తెలుసు. ఇదే నోరు అప్పుడు 'సంవత్సరం మధ్యలో వదిలేసి పోతే పిల్లల గతేమిటి, ఇది ద్రోహం కాదా?' అని గద్దించింది. ఆ నెల జీతాన్ని హోల్డులో పెట్టింది కూడా. మే నెల ఎండలో అదే టీచరుగారిని అడ్మిషన్ల కోసం గడప గడపకూ తిప్పినప్పుడు, తలకి ఇన్ని సీట్లని టార్గెట్ పెట్టినప్పుడు ఈ ద్రోహమనే మాట ఎవరికీ తట్టలేదు.

ఇక ఒరిజినల్స్ కథ. ఉద్యోగంలో చేరేరోజున డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు తెచ్చి ఆఫీసులో ఇవ్వాలి. ఎందుకంటే 'సేఫ్‌గా ఉంటాయి' అంటారు. ఇంటి దగ్గర ట్రంకు పెట్టెలో ఉంటే ఎలకలు కొడతాయని పాపం వాళ్ళ బెంగ! డీఎస్సీ వాళ్ళు సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మన్నారు. బీరువా తాళం తియ్యమని అడిగితే విషయం బయటపడుతుంది. చివరికి బ్యాంకు లోనుకని అబద్ధమాడి తెచ్చుకున్నారావిడ. ఏడేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పిన మనిషి సొంత కాగితాల కోసం అబద్ధమాడాల్సి వచ్చింది.

'ఉద్యోగి కాదు' అన్న మాట పొగడ్తలా వినిపిస్తుంది గానీ దానికి కోర్టు చరిత్ర ఉంది. గ్రాట్యుటీ చట్టంలో ఉద్యోగి అన్న మాటకున్న నిర్వచనంలోకి టీచరు రారని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లోటు పూడ్చడానికి పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించింది. సవరణను వెనక్కి, 1997 ఏప్రిల్ 3 దాకా తీసుకెళ్ళి అప్పట్నుంచీ వర్తిస్తుందంది. ప్రైవేటు బడులు ఊరుకుంటాయా? సవరణ చెల్లదని కోర్టుకెక్కాయి. 2022 ఆగస్టు 29న, గురుపూజోత్సవానికి సరిగ్గా వారం ముందు, సుప్రీంకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసింది. గురువు దైవంతో సమానమని ఏటా సెప్టెంబరు 5న చెప్పేది ఈ బడులవాళ్ళే. దేవుడికి గ్రాట్యుటీ ఏమిటని కాబోలు!

టీచరుగారు చేరింది 2018లో. ఆఖరి జీతం 18,200. దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, ఏడేళ్ళతో గుణిస్తే గ్రాట్యుటీ 73,500 రూపాయలు. ఆవిడ ఎనిమిదో తరగతికి చెప్పే లెక్కే. స్టేజీ మీద ఇంతమంది పెద్దలున్నా ఒక్కరికీ ఈ లెక్క రాలేదు. శాలువా, మొమెంటో, ఏలకులు దట్టంగా వేసిన టీ మాత్రం వచ్చాయి.

కుటుంబం అన్నారు గనక ఇదీ చెప్పాలి. 2020 మార్చిలో కరోనాకి బడులు మూతపడ్డాక ఈ కుటుంబం రెండు నెలలు సగం జీతమిచ్చి, ఆ తర్వాత ఫోనెత్తడం మానేసింది. అంతటా ఇదే తంతు. తెలంగాణలోనైతే 2021లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రభుత్వమే ఇవ్వాల్సి వచ్చింది. కుటుంబ పెద్దలుండగా రేషను ఎందుకో!

చిన్న బడుల కష్టాలు నాకు తెలియనివి కావు. ఫీజులు బకాయి పెట్టే తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి, ఒప్పుకుంటాను. కానీ ఈ బడికి మూడో అంతస్తు లేచింది, కొత్త బస్సులొచ్చాయి. వసూలైన ఫీజుల్లో సగం జీతాలకు, ఇంకో 15 శాతం గ్రాట్యుటీ, భవిష్యనిధి లాంటి వాటికి ఖర్చు పెట్టాలని, యాజమాన్యం తీసుకునేది 5 శాతమేనని 1994లోనే జీవో నంబర్ 1 ఇచ్చారు. బాగా పాత జీవో. ఈ బడి వయసు కన్నా పెద్దది. పెద్దలంటే మనవాళ్ళకి గౌరవమే, దూరం నుంచి దణ్ణం పెడతారు.

శాలువా కప్పే భాగ్యం నాకిచ్చారు. మడత విప్పితే అంచున ధర స్టిక్కరు, 180. అది పైకి కనబడకుండా లోపలికి మడిచి భుజాల చుట్టూ కప్పాను. ఫొటోలో బాగా పడింది. టీచరుగారు నవ్వుతూ నమస్కారం పెట్టారు. లెక్కల మనిషి, స్టిక్కరు చూసే ఉంటారు.

ఆ రాత్రి స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో వచ్చింది. కింద వంద దాకా దణ్ణాల బొమ్మలు. పది నిమిషాలకి ఇంకో మెసేజీ: 'లెక్కల టీచరు కావలెను. అంకితభావం ముఖ్యం. మీకు తెలిసినవాళ్ళుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లతో పంపగలరు.'